పేరులోని మత్తు

పంచదార చిలకను కొఱికిన బాలుడెవడును తాను చిలకను తినుచున్నానని యనుకొనడు. పెండ్లి సారెలో చిలకలు పెట్టిన ముత్తైదువలకును అట్టి యూహ కలుగలేదు. అట్లే నిమ్మతొనలు. అర్ధచంద్రాకారమున, పసుపు నారింజ వన్నెలతో, పైని పంచదార పలుకులు మెఱయుచు కిరాణాకొట్ల గాజుసీసాలలో నుండు ఆ బిళ్ళలను ఎఱుగని తెలుగువా డుండడు. వానిలో నిమ్మపండు ఎంతపాలున్నదో యెవ్వరు నడుగరు. పులుపున్నది, వాసన యున్నది, తొన యాకార మున్నది, అంతియే చాలును. మిఠాయి యనునది మొదటినుండియు ఏదో యొక వస్తువు రూపమునో పేరునో ఎరవు తెచ్చుకొనియే బ్రతుకుచున్నది. కావున ఇటీవల మా యింటికి వచ్చిన యొక మిఠాయిపెట్టె ఎరవు తెచ్చుకొన్న పేర్లను గూర్చి నేను వ్రాయబూనుట కొందఱకు పనిలేని పనిగా తోపవచ్చును. చదువరులు కొంచె మోపిక పట్టవలయును.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉద్యోగము చేయుచున్నది. వివాహము నిశ్చయమై యింటికి వచ్చుచు, ఆ దేశపు మిఠాయిలు కొన్ని తెచ్చినది. అందొకటి జెల్లీ గింజల పెట్టె. ఐదు గదులు, గదికొక వన్నె గింజలు, ప్రతి గదిపైని ఒక మద్యమిశ్రమము పేరు. మొహీటో, పీన్యా కొలాడా, మార్గరీటా, డైకిరీ, బెల్లీనీ. ఇట్టి మిఠాయిలను పెక్కు సంస్థలు చేయుచున్నవి గనుక ఆ పెట్టె యెవరిదో చెప్పుట అనవసరము. మద్యసారము చుక్కయైనను లేదని పెట్టెమీదనే వ్రాసియున్నది. అది నమ్మదగిన మాటయే. మిఠాయిలో మద్యము కలుపుట అమెరికాలో 1938 నాటి ఆహారచట్టము క్రింద నిషిద్ధము. పరిమళసారములతో వచ్చునది మాత్రము నూటికి అరపాలు మించకున్న క్షమింపబడును. ఆ పిమ్మట కొన్ని రాష్ట్రములు కోరినచో సడలింపు నిచ్చిరి గాని, సామాన్యముగా అంగడిలో దొరకు గింజలకు దానితో పనిలేదు.

గింజ తయారగు విధము మాత్రము ముచ్చటైనది. చక్కెరయు, గ్లూకోజు పాకమును, పిండియు కాచి, మొక్కజొన్నపిండిలో అచ్చుగ్రుద్దిన గుంటలలో పోయుదురు. అవి గట్టిపడిన పిమ్మట తిరుగుచుండు పెద్ద బానలలో వేసి, పైని పాకమును పంచదారను పొరపొరగా పట్టింతురు. మన మిఠాయివాండ్రు సోంపుగింజకు పంచదార పట్టించునదియు ఈ విద్యయే. కడపట మెఱుగు. ఆ మెఱుగునకు తేనెమైనమును, బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి తీయు కార్నాబా మైనమును, వానితోపాటు లక్కయు వాడుదురు. లక్క యనగా మఱేమియు కాదు. హైదరాబాదులో గాజులు చేయు లక్కయే, జార్ఖండు అడవులలో కుసుమ, మోదుగ చెట్లపైని పురుగు పెట్టునదియే. అమెరికా మిఠాయి నిగనిగలో మనదేశపు పురుగు చాకిరి యున్నదన్నమాట. శాకాహారము విషయమున పట్టింపుగలవారు ఈ సంగతి గుర్తెఱుగుట మంచిది.

ఇక రుచి. పీన్యా కొలాడా గింజ తెల్లనిది. ఆ మాటకు స్పానిషు భాషలో వడగట్టిన అనాస యని యర్థము. పోర్టోరీకో ద్వీపములో సాన్ హువాన్ నగరపు హోటలులో 1954 ప్రాంతమున ఈ పానీయము పుట్టినదని ఆ హోటలువారి వాదము. 1978లో ఆ ద్వీపము దీనిని తన జాతీయ పానీయముగా ప్రకటించుకొన్నది. రమ్ము, కొబ్బరిపాలమీగడ, అనాసరసము, ఇవి అసలు సరుకులు. గింజలో రమ్ము లేదు. కొబ్బరియు అనాసయు మిగిలినవి. కోనసీమలో పుట్టినవారికి ఆ జంటను ఒకరు నేర్పనక్కఱలేదు. గింజ కొఱుకగానే మొదట కొబ్బరిలౌజు, వెనుకనే అనాస. రెండును ఒకదాని నొకటి త్రోసికొనక కలిసి నడచినవి. నా మట్టుకు పెట్టెలో నిదియే మేలైనది.

మొహీటో క్యూబా దేశపుది. నిమ్మ, పుదీనా, చెఱకు చక్కెర, రమ్ము, సోడా. గింజలో పుదీనా పండ్లపొడిని జ్ఞప్తికి తెచ్చునంత ఘాటుగా నున్నది, నిమ్మ వెనుకబడినది. డైకిరీ యనునది అదే దేశమున సాంటియాగో దగ్గఱి యొక గ్రామము పేరు. అచ్చటి ఇనుపగనులలో పనిచేసిన అమెరికా ఇంజనీరు జెన్నింగ్సు కాక్సు 1898 ప్రాంతమున దానిని కల్పించెనని ప్రతీతి. మా పెట్టెలోనిది స్ట్రాబెరీ డైకిరీ. స్ట్రాబెరీ తప్ప అందు మఱేమియు లేదు. ఎఱ్ఱ గింజలన్నియు నిట్లే యుండునని మా అమ్మాయియే ఒప్పుకొన్నది. మార్గరీటా మెక్సికోది, గ్లాసు అంచున ఉప్పు అద్ది యిత్తురట. గింజలో ఆ ఉప్పును తెచ్చుటకు చేసిన ప్రయత్నము మెచ్చదగినది. తీపి, పులుపు, కొన యందు చిటికెడు ఉప్పు: ఎండకాలపు నిమ్మకాయ నీళ్ళవలె హాయిగా నుండెను. బెల్లీనీ వెనిసు నగరమున హారీస్ బారు నడపిన జుసేప్పే చిప్రియానీ కల్పించినది; వన్నెనుబట్టి జొవాన్నీ బెల్లీనీ యను ప్రాచీన చిత్రకారుని పేరు పెట్టినాడు. గింజ వట్టి పీచుపండు. చిత్రకారుని పేరు పండునకు పెట్టినచో నష్టము లేదు.

గమనింపవలసిన దొక్కటి. మద్యసారము నోటికి ముందుగా నిచ్చునది రుచి కాదు, మంట. నాలుకపై వేడిని గుర్తించు నాడులనే అది తాకును. ఆ మంట యీ గింజలలో లేశమును లేదు. అనగా ఐదింటిలోను మద్యమునుండి వచ్చినది పేరొక్కటియే. మిగిలినదంతయు పండ్లదే.

మా అమ్మ ఎనుబది దాటినది, ఆంగ్లము రాదు. ఆమెకు ఒక పచ్చగింజ యిచ్చితిని. నమలి, "పుదీనా షర్బత్తు. కాస్త నిమ్మ పిండితే ఇంకా బాగుండేది" అనెను. మనుమరాలు నవ్వి, "అమ్మమ్మా, అది మొహీటో" అనగా, "ఏ మొహమైతేనేమే, నోటికి బాగుంది" అని మఱియొకటి యడిగి తీసికొనెను.

మా తమ్ముడు మాత్రము తీసికొనలేదు.

అతడు పదకొండేండ్ల క్రిందట త్రాగుడు మానినవాడు. అందు దాపఱిక మేమియు లేదు. అడిగినవారికి తానే చెప్పును. సారాదుకాణమున త్రాగినవాడు కాడు. ఉద్యోగపు హోదాతో, క్లబ్బులలో, మంచి గాజుగ్లాసులలో, మంచి పేర్లుగల వానినే త్రాగినాడు. రెండేండ్లు మఱదలు పుట్టింటనే యున్నది. మానిన మొదటి నెలలలో అతని చొక్కాజేబున ఎప్పుడును నిమ్మతొనల పొట్లముండెడిది. సాయంకాల మయ్యెనా, ఒకటి బుగ్గను పెట్టుకొనువాడు. ఇది అతని సొంత ఉపాయము కాదు. త్రాగుడు మానినవారికి తీపిపై మనసు పోవుట లోకవిదితము. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘమువారును తీపివస్తువేదైన దగ్గఱ నుంచుకొమ్మని చెప్పుదురు. ఇంకొక ముచ్చట. అమెరికా అధ్యక్షుడైన రొనాల్డు రీగను 1960ల నాట పొగపైపు మానుటకై జెల్లీ గింజలు నమలుట మొదలుపెట్టి, 1981లో అధ్యక్షపదవి నధిష్ఠించు నాటికి వానితోనే ప్రసిద్ధుడైనాడు. ఈ గింజ జాతికి అట్టి పుణ్యచరిత్ర కూడ కలదు. ఒకని చెడ్డ యలవాటునుండి తప్పించిన గింజయే నేడు మఱియొక యలవాటు పేరు మోయుచున్నది.

మా అమ్మాయి మేనమామను బలవంతపెట్టినది. "మామయ్యా, ఇందులో చుక్క కూడా లేదు, చదువు."

అతడు కోపపడలేదు. నావైపు తిరిగి, "రుచికి జంకను అక్కయ్యా. ఆ పేర్లు చదివితే ఉప్పద్దిన గ్లాసు, ఆ బల్ల, ఎదురుగా కూర్చున్నవాళ్ళు, అందరూ వరసగా వచ్చి కూర్చుంటారు. నిమ్మతొన తింటే నిమ్మతొనే గుర్తొస్తుంది" అనెను.

అలవాటుపడిన మనసునకు వస్తువుకంటె ముందుగా దాని గుర్తులే కోరిక పుట్టించునని వైద్యులు చాలకాలముగా చెప్పుచున్నారు. గ్లాసు గలగల, బల్లపైని దీపము, వాసన, పేరు, అన్నియు గుర్తులే. కావున "చుక్కయైన లేదు" అనుట చట్టమునకు చాలును గాని, మా తమ్మునివంటివానికి చాలదు. మా అమ్మకు ఆ పేర్లు శబ్దములు మాత్రమే. అందుచే ఆమెకు షర్బత్తు దొరకినది. గింజ ఒక్కటే. పేరు తెలియనివారికి పండు, తెలిసినవారికి గ్లాసు.

ఇంకొక సంగతి అడుగవలసియున్నది. సారా రుచిగల మిఠాయి యని యెవ్వరైన అమ్ముదురా? 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో రోశమ్మయు ఆమెతోడి స్త్రీలును సారాపాకలపై లేచినపుడు, చదువుకొన్న కుటుంబము లెన్నియో వారిని మెచ్చుకొన్నవి. 1993 అక్టోబరులో సారా పోయినది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలినది. ఆ చరిత్ర యెల్లరెఱిగినదే. ఆ ఉద్యమమును మెచ్చిన యిండ్లలోనే నేడు మొహీటో ముద్దుపేరుగా చెల్లుచున్నది. సారా యనిన మొగము చిట్లింతుము. కాక్‌టెయిలనిన చిఱునవ్వు నవ్వుదుము. రెంటిలోను మత్తెక్కించు పదార్థము ఒక్కటే. వ్యత్యాసము గ్లాసులో నున్నది, త్రాగువాని జీతములో నున్నది. ఈ పెట్టె అమ్ముచున్నది ఆ వ్యత్యాసమునే యని నా యభిప్రాయము.

పేరునకు బలమున్నదని వ్యాపారులకు మనకంటె బాగుగ తెలియును. మనదేశమున దూరదర్శన ప్రసారములలో మద్యప్రకటనలు చేయరాదని నియమము రాగా, అవే పేర్లతో సోడాలు, త్రాగునీరు, పాటల పళ్ళెములు ప్రకటించిరి. ఎవరును సోడాకొఱకు అంత ధనము వెచ్చింపరు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇట్టి మాఱుప్రకటనలను నిషేధించుచు నియమములు చేసినది. పొగాకు విషయమున ప్రపంచదేశములు ఇంకను ముందుకు పోయినవి. 2003 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో, పిల్లల నాకర్షించునట్లు సిగరెట్ల ఆకారమున మిఠాయిలును ఆటబొమ్మలును చేయుటను మాన్పవలెనని యొక యధికరణమే యున్నది. చక్కెరతో చేసిన సిగరెట్టులో పొగాకు లేదు గదా యని వారు వాదింపలేదు. మద్యమునకు అట్టి ఒడంబడిక లేదు. జెల్లీ బెల్లీ యను ప్రసిద్ధ సంస్థ 2014లో బీరు రుచిగల గింజను సయితము అంగడికి తెచ్చినది.

నేను నిషేధము కోరుటలేదు. పీన్యా కొలాడా గింజ నచ్చినదని పైన వ్రాసితిని. ఆ మాట వెనుకకు తీసికొనను. అయితే "కొబ్బరి అనాస" యని పేరు పెట్టినచో గింజ కేమి తక్కువ యని మా అమ్మాయి నడిగితిని. అది కొంచెము సేపు ఆలోచించి, "ఆ పేరు పెడితే ఇంత ధర పెట్టి ఎవరు కొంటారమ్మా?" అన్నది. పిల్ల అబద్ధమాడదు.

దాని పెండ్లి వచ్చు నెలలో. వంటవారు తెచ్చిన జాబితాలో విందుకు ముందు "వర్జిన్ మొహీటో" యని యొక పానీయమున్నది; ఈ కాలపు పెండ్లిండ్లలో ఆ బల్ల లేనిచోటు అరుదు. పెండ్లికూతురి మేనమామ బుట్టతో పిల్లను తేవలసినవాడు, ఆ బల్ల ముందుగా నడవవలసినవాడు. ఆ వరుస కొట్టివేసి "పుదీనా నిమ్మ షర్బత్తు" అని వ్రాయుమంటిమి; సరుకు అదియే, కొలత అదియే. అమ్మాయియే కలము తీసికొని దిద్దినది. వంటవారు సరే యనిరి గాని, ఆ పేరైతే అతిథులు చిన్నచూపు చూతురనియు, మేమును గ్లాసు ధర తగ్గించి యడుగుదుమేమో యనియు ఇంకను సందేహించుచున్నారు.