రాయకుండా అట్టిపెట్టుకున్న రెండు ముక్కలు

పాత వీడియో గేమ్ డిస్కులు మార్చుకునే సైట్లో డబ్బు చేతులు మారదు. నా పీఎస్4 డిస్కు ఒకటి అవతలివాడికి వెళుతుంది, అతనిది నాకు వస్తుంది. ఒకరి ముఖం ఒకరం చూసుకోం. అందుకే అక్కడ ఎవరికైనా ఆస్తంటూ ఉంటే అది పేరు పక్కన కనిపించే ఫీడ్‌బ్యాకే. ఇంతకు ముందు ఎవరెవరితో మార్చుకున్నాడు, వాళ్లేమన్నారు అన్నది చదివాకే ఎవరైనా పార్సెల్ కడతారు.

నేను పంపేవి చాలావరకు విజయవాడ బస్టాండ్‌లోని ఆర్టీసీ కార్గో కౌంటర్ నుంచే వెళ్లేవి. పంపే ముందు రాత్రి డిస్కును ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని గీతలు వెతికేవాణ్ణి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచేవాణ్ణి. గుండ్రంగా తిప్పి తుడిస్తే గీత పడినప్పుడు అది ట్రాక్ వెంబడే సాగి డిస్కు పాడవుతుంది. ఇంత శ్రద్ధగా పంపితే వాట్సాప్‌లో ‘చేరింది బ్రో’ అని ఒక మెసేజ్ వచ్చేది. సైట్లో మాత్రం ఏమీ రాసేవారు కాదు. అడిగితే ‘రేపు పెడతా’ అనేవారు. ఆ రేపు ఎప్పటికీ వచ్చేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. చివరికి ఒక నియమం పెట్టుకున్నాను: నువ్వు రాస్తేనే నేనూ రాస్తాను.

ఈ పంతం నాతో మొదలైంది కాదు. ఈబే 1996లో ఫీడ్‌బ్యాక్ పద్ధతి తెచ్చినప్పటి నుంచీ ఉన్న గొడవే. అక్కడి తొలినాళ్ల లావాదేవీల మీద రెస్నిక్, జెకౌజర్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనంలో, ఫీడ్‌బ్యాక్ రాసినవాళ్లు సగానికి కొంచెం పైన మాత్రమే తేలారు. రాసినవాళ్లలో దాదాపు అందరూ మంచే రాశారు. ముందు నేను చెడు రాస్తే అతనూ నా మీద రాస్తాడేమోనన్న భయంతో ఇద్దరూ కాచుక్కూర్చోవడం అక్కడ ఎంత ముదిరిందంటే, కొన్నవాళ్ల మీద అమ్మినవాళ్లు చెడు రాసే వీలునే 2008లో ఈబే తీసేసింది. నాకు ఇదంతా తెలుసు. తెలిసీ, నా మౌనం గట్టి ఆయుధమనే అనుకున్నాను.

అది ఎవరికి తగిలిందో దివిసీమ కుర్రాడొకడు చెప్పేదాకా నాకు అర్థం కాలేదు.

అవనిగడ్డ అవతల పల్లె అతనిది. డిగ్రీ చదువుతున్నాడు. సైట్లో కొత్త. కొత్తవాడే ముందు పంపాలన్నది అక్కడి ఆనవాయితీ కాబట్టి, నన్ను నమ్మి తన డిస్కు ముందే పంపేశాడు. నోట్‌బుక్ కాగితాల్లో చుట్టి, అట్టముక్కల మధ్య పెట్టి కట్టాడు. ఒక్క గీత లేదు. బదులుగా నేను రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పంపాను. 100 జీబీ దరిదాపుల్లో ఉండే ఆ గేమ్‌ను తన ఊళ్లో వచ్చే నెట్‌తో దించుకోవడం అయ్యే పని కాదు, డిస్కే దిక్కు. అందిన రోజు ఫోన్ చేశాడు. “అన్నా, లోపల రెండు డిస్కులున్నాయి. ముందు ఏది పెట్టాలి?” డేటా డిస్కు పెట్టి ఇన్‌స్టాల్ చెయ్యి, ఆడేటప్పుడు రెండోది, అన్నాను. సంతోషంగా ఫోన్ పెట్టేశాడు. సైట్లో ఏమీ రాయలేదు. నా నియమం ప్రకారం నేనూ రాయలేదు.

కొన్నాళ్లకి మెసేజ్ పెట్టాడు. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర తనకి కావలసిన గేమ్ ఉందట. నీ పేరు పక్కన సున్నా ఉంది, నీతో పెట్టుకోను అన్నాడట. “మనం మార్చుకున్నాం కదన్నా, ఆ సంగతి ఒక్క ముక్క రాస్తారా?”

రాద్దామని తెరిస్తే గడువు దాటిపోయింది. ఆ లావాదేవీ పేజీ మూసుకుపోయింది.

“మరి నువ్వెందుకు రాయలేదు తమ్ముడూ?” అని అడిగాను. “ఎక్కడ రాయాలో తెలీలేదన్నా. మీకు అన్ని ఉన్నాయి కదా, నాదొక్కటి ఏం లెక్కలే అనుకున్నా.”

మా నాన్న విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టులో గుమస్తాగా చేసేవారు. ఏ పల్లె నుంచో కొత్త మనిషి వచ్చి అరువు అడిగితే, షావుకారు ఆ చుట్టుపక్కల పాత ఖాతాదారుకి ఫోన్ చేసి ‘మనిషి ఎలాంటివాడు?’ అని వాకబు చేసేవాడు. అవతలి నుంచి ‘ఏమో, నాకు తెలీదండీ’ అని వస్తే సరుకు కదిలేది కాదు. ఆ కుర్రాడి గురించి తెలిసీ తెలీదన్న ఖాతాదారుణ్ణి నేను. నా పేరు పక్కన ఒకటి తగ్గితే నాకు పోయేదేమీ లేదు. అతనికి అది మొదటిది.

హైదరాబాద్ ఆయనకి నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. అప్పటికే ఆ డిస్కు వేరొకరికి పంపేశాడు. కుర్రాడికి అదే చెప్పి, తప్పు నాదేనన్నాను. “పర్లేదన్నా” అన్నాడు. ఆ తర్వాత సైట్లో మళ్లీ కనపడలేదు.

ఇప్పుడు డిస్కు పెట్టి కాసేపు ఆడి చూసిన పూటే రాసేస్తాను, అవతలివాళ్లు రాశారా లేదా అని చూడను. ‘మంచి ట్రేడర్’ అని ఊరుకోను. డిస్కు ఎలా ఉంది, కేసు పగిలిందా, ముందు ఎవరు పంపారు, ఫోన్ ఎత్తారా అన్నవి రాస్తాను. కొత్తవాళ్లయితే ఎక్కడ నొక్కాలో స్క్రీన్‌షాట్ తీసి పంపుతాను. అయినా రాయనివాళ్లు ఉంటారు. మంట పూర్తిగా పోయిందని చెప్పను.

ఇద్దరూ రాసేదాకా, లేదా 14 రోజుల గడువు ముగిసేదాకా ఎవరి మాటా అవతలివాళ్లకి కనపడకుండా 2014లో ఎయిర్‌బీఎన్‌బీ మార్పు చేసింది. మా సైటు నడిపేవాళ్లకి ఆ పద్ధతి గురించి రాశాను. దానితోపాటు, గడువు దాటిపోయినా మంచి మాట రాయడానికి మాత్రం వీలు ఉంచమని అడిగాను.