ఎంతసేపు ఆడావు?

ఎన్బీఏ మ్యాచ్ అయిపోయాక బాక్స్ స్కోర్ అని ఒక పట్టిక వస్తుంది. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఎన్ని పాయింట్లు కొట్టారు, ఎన్ని పాస్‌లు ఇచ్చారు... అన్నీ అందులో ఉంటాయి. అందరూ దాన్ని పైనుంచి చదువుతారు. నేను కిందనుంచి చదువుతాను. కింద కొన్ని పేర్ల పక్కన అంకెలుండవు. 'డీఎన్పీ-సీడీ' అని మాత్రం ఉంటుంది. డిడ్ నాట్ ప్లే, కోచ్స్ డెసిషన్. అంటే దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు, సస్పెన్షన్ లేదు. రెడీగానే ఉన్నాడు, షూ లేసులు బిగించుకునే కూర్చున్నాడు. కోచ్ పిలవలేదు, అంతే.

ఇంత మర్యాదగా చేసే అవమానం ఇంకే ఆటలోనూ నేను చూడలేదు.

ఈ ఐదక్షరాల మీద నాకింత ఆసక్తి ఎందుకంటే, ప్రస్తుతం నేనూ బెంచ్ మీదే ఉన్నాను. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా. జీతం పడుతుంది, మెడలో ఐడీ కార్డు ఉంటుంది, ప్రాజెక్ట్ మాత్రం ఉండదు. ఎవరైనా పిలుస్తారేమో అని మెయిల్ చూసుకుంటూ కూర్చోవాలి. మరీ ఎక్కువ రోజులు కూర్చుంటే ఆ కుర్చీ కూడా ఉండదు. నాకు 53 రోజులైంది. పొద్దున్నే లేచి ఎన్బీఏ మ్యాచ్‌లు చూడ్డానికి కావలసినంత టైమ్ ఉంది. చూస్తున్నా.

ముందు లెక్క చూద్దాం. మ్యాచ్ 48 నిమిషాలు. కోర్టులో ఒక్కో టీమ్‌కి ఐదుగురు. 48ని 5తో గుణిస్తే 240. కోచ్ దగ్గర పంచడానికి ఉన్నవి ఆ 240 నిమిషాలే. టీమ్‌లో మామూలు కాంట్రాక్ట్ ఉన్నవాళ్లు 15 మంది దాకా ఉంటారు. సమానంగా పంచితే తలా 16 నిమిషాలొస్తాయి. కానీ సమానంగా ఎవరు పంచుతారు? మొదటి ఐదుగురు తలా 34 తీసుకుంటే మిగిలేది 70. ఆ 70 కోసం పదిమంది! చాలామంది కోచ్‌లు తొమ్మిది పది మందితోనే మ్యాచ్ లాగించేస్తారు. ఇక చివరి వరసలో ఉన్నవాళ్లకి దొరికేది 'గార్బేజ్ టైమ్'. ఫలితం తేలిపోయి, జనం పార్కింగ్ వైపు నడుస్తున్నప్పుడు ఇచ్చే నిమిషాలు. చెత్త టైమ్ అని పేరు పెట్టి మరీ ఇస్తారు.

ఒకరికి నిమిషం పెరగాలంటే ఇంకొకరికి తగ్గాలి. బెంచ్ మీద చప్పట్లు కొట్టేవాడు ఎవరికోసం చప్పట్లు కొడుతున్నాడో ఆలోచిస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది, కొంచెం జాలేస్తుంది.

బెంచ్ కథ అనగానే అందరూ చెప్పేది జెరెమీ లిన్ గురించి. మీలో చాలామంది రీల్స్‌లో చూసే ఉంటారు. తల్లిదండ్రులు తైవాన్ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. హార్వర్డ్‌లో చదివాడు. 2010 డ్రాఫ్ట్‌లో 60 పేర్లు పిలిస్తే అతని పేరు రాలేదు. అయినా గోల్డెన్ స్టేట్ వారియర్స్ తీసుకుంది. 2011 డిసెంబర్ 9న వదిలేసింది. తర్వాత హ్యూస్టన్ రాకెట్స్ తీసుకుని డిసెంబర్ 24న, సరిగ్గా క్రిస్మస్ ముందు రోజు, వదిలేసింది. మూడు రోజులకి న్యూయార్క్ నిక్స్ పిలిచింది. అదీ వాళ్ల గార్డ్ ఒకతనికి దెబ్బ తగలబట్టి.

న్యూయార్క్‌లో అతను ఇల్లు తీసుకోలేదు. ఎప్పుడు పొమ్మంటారో తెలియనప్పుడు అడ్వాన్స్ ఎవరు కడతారు? వాళ్ల అన్నయ్య ఇంట్లో సోఫా మీద పడుకునేవాడు. నిక్స్ ఆడిన మొదటి 23 మ్యాచ్‌ల్లో అతనికి దొరికినవి మొత్తం కలిపి 55 నిమిషాలు. జనవరిలో కింది లీగ్‌కి పంపిస్తే, అక్కడ ఈరీ అనే ఊరి టీమ్ తరఫున ఒకే మ్యాచ్‌లో 28 పాయింట్లు, 11 రీబౌండ్లు, 12 అసిస్టులు చేశాడు. తిరిగొచ్చాక మళ్లీ బెంచే. ఫిబ్రవరి 10 దాటితే ఆ సీజన్ కాంట్రాక్ట్ ఖాయమవుతుంది. ఆలోపే తీసేస్తారన్న భయం అతనికుంది.

ఫిబ్రవరి 4న న్యూజెర్సీ నెట్స్‌తో మ్యాచ్. ముందు రోజు రాత్రి పడుకున్నది టీమ్‌మేట్ లాండ్రీ ఫీల్డ్స్ ఇంట్లో సోఫా మీద. నిక్స్ వరసగా ఓడిపోతోంది, గార్డుల్లో కొందరికి దెబ్బలు, ఉన్నవాళ్లు ఆడట్లేదు. కోచ్ మైక్ డాంటోనీకి వేరే దారి లేక లిన్‌ని దింపాడు. 25 పాయింట్లు, 7 అసిస్టులు, 5 రీబౌండ్లు. నిక్స్ గెలిచింది. తర్వాతి మ్యాచ్‌లో 28. ఆ ఫిబ్రవరి 10నే కోబీ బ్రయంట్ ఉన్న లేకర్స్ మీద 38. వరసగా ఏడు విజయాలు. ఆ పిచ్చికి 'లిన్‌శానిటీ' అని పేరే పెట్టేశారు.

దీన్ని అందరూ కష్టపడితే ఫలితం వస్తుందన్న కథలాగా చెప్తారు. నాకు మాత్రం ఈరీ మ్యాచ్ గుర్తొస్తుంది. ఫిబ్రవరి 4న చూపించిన ఆట అతని దగ్గర జనవరి 20నే ఉంది. చూడాల్సినవాళ్లకి వేరే దారి ఉన్నంతకాలం చూడలేదు. నిక్స్ గార్డులందరూ ఆ వారం ఆరోగ్యంగా ఉండుంటే? ఆ ప్రశ్న వేసుకోకుండా ఆ హైలైట్స్ చూడటం నా వల్ల కాదు.

ఇది నాకు కొంచెం అనుభవంతో తెలుసు. గుంటూరులో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ అమ్మాయిల టీమ్‌లో ఆడాను. 'ఆడాను' అనేది పెద్ద మాట. నేను రెండో పాయింట్ గార్డ్‌ని. మొదటి పాయింట్ గార్డ్ మా సీనియర్ అక్క, అలుపన్నది ఎరగదు. మా పీడీ సార్‌కి ఆవిడ మీద ఎంత గురి అంటే, ఐదు ఫౌళ్లయి బయటికొస్తే తప్ప నన్ను చూసేవారు కాదు. సిమెంట్ కోర్టు, పక్కన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, అదే మా బెంచ్.

బెంచ్ మీద కూర్చోవడం విశ్రాంతి అనుకుంటారు కూర్చోనివాళ్లు. వార్మప్‌లో ఒళ్లు వేడెక్కుతుంది. పావుగంట కూర్చుంటే మోకాళ్లు చల్లబడిపోతాయి. కాళ్లు ఆడిస్తూ ఉండాలి, లేచి నించోవాలి, మళ్లీ కూర్చోవాలి. అవతలి గార్డ్ ఎడమ చేత్తో ఎలా ఆడుతోందో గమనించాలి. సార్ తల తిప్పిన ప్రతిసారీ గుండె ఒక్కటి ఎక్కువ కొట్టుకుంటుంది. ఆయన వాటర్ బాటిల్ కోసం తిప్పుంటారు. చివరికి రెండు నిమిషాలుండగా పిలిస్తే, మొదటి నిమిషం ఆట వేగం అందుకోవడానికే సరిపోతుంది. రెండో నిమిషంలో బజర్ మోగుతుంది. ఆ రెండు నిమిషాలు చూసినవాళ్లు 'పర్లేదు, ఇంకా టైమ్ పడుతుంది' అంటారు. ఆ టైమే కదా నాకు ఇవ్వట్లేదు!

సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే నాన్న మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఎంతసేపు ఆడావు తల్లీ?" గెలిచారా అని కాదు, ఎన్ని పాయింట్లు అని కాదు. వెనకనుంచి అమ్మ, "దెబ్బలేం తగల్లేదుగా?" అనేది. తగల్లేదమ్మా, కుర్చీలో కూర్చున్నవాళ్లకి దెబ్బలెందుకు తగుల్తాయి? బెంచ్ మీదున్న రోజుల్లో సంతోషించింది అమ్మ ఒక్కతే.

పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆడితేనే ఆట మెరుగవుతుంది, మెరుగైతేనే ఆడనిస్తారు. మొన్న ఒక ప్రాజెక్ట్ కోసం ఇంటర్నల్ ఇంటర్వ్యూ పెట్టారు. "ఈ టూల్ మీద లైవ్ ప్రాజెక్ట్‌లో పనిచేశారా?" అన్నారు. కోర్సు చేశాను, సొంతంగా చిన్న యాప్ కట్టాను అన్నాను. "అది సరే, లైవ్ ప్రాజెక్ట్?" అన్నారు మళ్లీ. నాకు మా పీడీ సార్ గొంతు వినపడింది.

ఈ చిక్కులో పడ్డ అసలు మనిషి సత్నామ్ సింగ్. మన దేశంలో పుట్టి ఎన్బీఏ డ్రాఫ్ట్‌కి ఎంపికైన మొదటివాడు. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరు, రైతు కుటుంబం. లూధియానా అకాడమీలో ఆట నేర్చుకున్నాడు. 2010లో, 14 ఏళ్ల వయసులో, స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. ఇంగ్లిష్ రాదు. ఎత్తు మాత్రం చివరికి 7 అడుగుల 2 అంగుళాలు. 2015 జూన్‌లో డల్లాస్ మావెరిక్స్ 52వ పేరుగా పిలిచింది. అప్పటికి అతనికి 19 ఏళ్లు. వార్తల్లో మనవాళ్లందరూ పండగ చేసుకున్నారు. నెట్‌ఫ్లిక్స్‌లో 'వన్ ఇన్ ఎ బిలియన్' అని డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

ఆ తర్వాతి కథకి డాక్యుమెంటరీ లేదు. అమెరికాలో ఎక్కువమంది కాలేజీల్లో ఏడాదో రెండేళ్లో ఆడి వస్తారు. తప్పులు చేసి, నేర్చుకోవడానికి అక్కడ నిమిషాలు దొరుకుతాయి. సత్నామ్ కాలేజీ ఆట ఆడకుండానే వచ్చాడు. డల్లాస్ వాళ్లు అనుబంధ టీమ్ టెక్సాస్ లెజెండ్స్‌లో పెట్టారు. అక్కడ రెండు సీజన్లు. అందులో ఎక్కువ రాత్రులు బెంచ్ మీదే. అసలు ఎన్బీఏ మ్యాచ్‌లో ఒక్క సెకను కూడా ఆడలేదు.

ఇంకో సంగతి గమనించండి. అతన్ని ఎంపిక చేసిన ఆ జూన్‌లోనే వారియర్స్ కప్పు గెలిచింది. ఎలా గెలిచింది? ఫైనల్స్ మధ్యలో తమ ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ని పక్కన కూర్చోబెట్టి, పొట్టివాళ్లతో, వేగంతో, త్రీ పాయింటర్లతో. ఆ తర్వాత లీగంతా అటువైపు పరిగెత్తింది. బుట్ట కింద కొండలా నిలబడే మనిషికి గిరాకీ తగ్గుతున్న రోజుల్లో ఒక కొండ పంజాబ్ నుంచి అక్కడికి చేరింది. నేను రెండేళ్లు పనిచేసిన టెక్నాలజీని క్లయింట్లు ఒక్కొక్కరే వదిలేస్తుంటే ఇది మరీ బాగా అర్థమైంది.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఎన్బీఏ కోర్టులో కాలుపెట్టిన మొదటి భారత సంతతి ఆటగాడు సిమ్ భుల్లార్. కెనడాలో పుట్టిన పంజాబీ, 7 అడుగుల 5 అంగుళాలు. శాక్రమెంటో కింగ్స్ తరఫున మొదటి మ్యాచ్‌లో ఆడింది 16 సెకన్లు. మొత్తం మూడు మ్యాచ్‌లతో అతని ఎన్బీఏ ముగిసింది. 16 సెకన్లలో ఈ పేరా కూడా పూర్తిగా చదవలేరు.

లిన్ కథ ఫిబ్రవరి 2012తో ఆపేస్తారు చాలామంది. నేను దాన్ని 2019 దాకా చూశాను. ఆ ఏడాది టొరంటో రాప్టర్స్ కప్పు గెలిచింది, అదీ ఒకప్పుడు అతన్ని వదిలేసిన వారియర్స్ మీద. లిన్ ఆ టీమ్‌లో ఉన్నాడు. మొత్తం ఫైనల్స్‌లో అతను ఆడింది 51 సెకన్లు. మన దగ్గర పొద్దున వేళ, ఇంట్లో ఫోన్‌లో చూస్తున్నా. అందరూ ఎగురుతున్నారు, ఛాంపియన్ టోపీలు పెట్టుకుంటున్నారు. నా కళ్లు అతన్నే వెతికాయి. ఉంగరం వస్తుంది, చరిత్రలో పేరుంటుంది, పైగా అందరూ అభినందనలు చెప్తారు. దాన్ని తను సంపాదించుకున్నట్టు లేదని అతనే తర్వాత చెప్పుకున్నాడు. ఎన్బీఏ నన్ను వదిలేసినట్టుందని తైవాన్‌లో ఒక వేదిక మీద మాట్లాడుతూ ఏడ్చేశాడు. అది విన్న రోజు ఎవరో నా డైరీ పైకి చదివినట్టనిపించింది. ఇంటర్‌కాలేజ్ టోర్నమెంట్ కప్పుతో టీమ్ ఫొటోలో నేనూ ఉన్నాను మరి. చివరి వరసలో, ఎడమ పక్క. మా ఇంట్లో ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టారు.

లిన్ తర్వాత చైనా వెళ్లాడు. 2021లో మళ్లీ అమెరికా వచ్చి కింది లీగ్‌లో ఆడాడు, బాగానే ఆడాడు. ఎన్బీఏ నుంచి పిలుపు రాలేదు. ఆ తర్వాత తైవాన్ లీగ్‌లో ఆడి, 2025లో రిటైరయ్యాడు. కింది లీగ్‌కి తిరిగొచ్చేటప్పటికి అతనికి 32 ఏళ్లు, డబ్బుకి లోటు లేదు. అయినా వచ్చాడు. ఎందుకొచ్చాడని నేను అడగను. మోకాళ్లు చల్లబడకుండా కాళ్లు ఆడిస్తూ కూర్చున్నవాళ్లెవరూ అడగరు.

మొన్న ఆదివారం నాన్నకి ఫోన్ చేస్తే ఇవన్నీ చెప్పాను. బెంచ్ సంగతి ఆయనకి తెలుసు, ప్రాజెక్ట్ వచ్చిందా అని ఈమధ్య అడగడం మానేశారు. లిన్ గురించి పెద్దగా పట్టించుకోలేదు. సత్నామ్ తండ్రి కూడా ఏడడుగుల పైన ఉంటాడని, రైతు అని చెప్తే మాత్రం ఆసక్తిగా విన్నారు.

"ఇప్పుడేం చేస్తున్నాడమ్మా ఆ అబ్బాయి?"

కెనడా లీగ్‌కి వెళ్లాడని, 2020లో డోపింగ్ కేసులో రెండేళ్ల నిషేధం పడిందని, తర్వాత అమెరికాలోనే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి మారాడని చెప్పాను. అంటే కుస్తీయా అన్నారు. అలాంటిదే నాన్నా, టీవీలో వస్తుంది.

కాసేపు ఆగి, "అక్కడైనా ఆడనిస్తున్నారా?" అన్నారు.