జీపు స్టీరింగు షాఫ్టు

సైన్యం వేలం వేసిన పాత జీపుల భాగాలతో కొత్త జీపులు కూర్చడంలో హర్యానాలోని మండి డబ్వాలీకి దేశమంతటా పేరున్నది. అటువంటి బండిలో వేరొక ఇంజను అమర్చినప్పుడు తరచుగా అడ్డు తగిలేది స్టీరింగు షాఫ్టు. మేస్త్రీ దానిని కోసి, దారి మళ్ళించి, వెల్డింగుతో అతికిస్తాడు. పైన రంగు పూస్తే అతుకు కనిపించదు. భయపడవలసిందీ అందుకే.

వెల్డింగు వేడికి ఉక్కు గుణం మారుతుంది. బండి మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ అతుకే మెలిపడుతుంది. బ్రేకు పోతే గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి కొంతవరకు కాచుకోవచ్చును. షాఫ్టు తెగితే డ్రైవరు చేతిలో మిగిలేది చక్రం మాత్రమే.

షాఫ్టును అతకకుండా దారి మళ్ళించేది యూనివర్సల్ జాయింటు. దాని స్వభావం మాత్రం విచిత్రమైనది. 30 డిగ్రీల వంపులో ఒక్క జాయింటే ఉంటే, పైన చక్రం సమంగా తిరుగుతున్నా కింది షాఫ్టు ఒకచోట సుమారు 13 శాతం నెమ్మదిగా, మరొకచోట 15 శాతం వేగంగా తిరుగుతుంది. రెండు జాయింట్లను సమాన కోణాలతో, మధ్య షాఫ్టు రెండు కొసల ఫోర్కులూ ఒకే వరుసలో ఉండేటట్లు అమర్చితే ఒకదాని దోషాన్ని మరొకటి హరిస్తుంది. వరుస తప్పితే చక్రం పట్టి పట్టి వదిలినట్లుంటుంది. మూడు జాయింట్లు పెట్టక తప్పకపోతే నడుమ బేరింగు ఆధారం ఉండి తీరాలి.

పాత జీపులో ఈ షాఫ్టు స్టీరింగు పెట్టె నుండి డ్రైవరు రొమ్ము దాకా ఏకఖండమైన కడ్డీ. ఎదురుగా ఢీకొంటే అది ఈటె. అందుకే అమెరికాలో 1968లో ఒక నిబంధన అమలులోకి వచ్చింది: గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దినా చక్రం డ్రైవరు వైపు 127 మిల్లీమీటర్లకు మించి జరగరాదు. నేటి కార్ల షాఫ్టు దెబ్బకు తనలోకి తాను ముడుచుకుంటుంది. ఆ ముడుచుకునే చోట వెల్డింగు చేసే మేస్త్రీ తెలియకనే ఈటెను మళ్ళీ నిలబెడుతున్నాడు.

చట్టం కూడా కఠినమైనదే. తయారీదారు నిర్ణయించిన వివరాలకు నమోదు పత్రం భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే ధ్రువపరచింది. ఆ సంవత్సరపు సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు ఖైదు, లేదా రెండూ. కనుక రవాణా కార్యాలయాన్ని అడగవలసింది కోతకు ముందే. షాఫ్టు జోలికి పోకుండా ఇంజనునే రెండంగుళాలు పక్కకు జరపగలిగితే అన్నిటికంటె మేలు. మౌంటింగులు మార్చడానికి మేస్త్రీకి మరొక రోజు పడుతుంది, కూలి కొంత పెరుగుతుంది.