తాత నడక

ఓరుగల్లు నగరములోని కొత్తవాడ జంపఖానాల నేతకు పేరుగన్న పేట. 2018వ సంవత్సరమున వరంగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేటలో 40 ఏండ్లు మగ్గము నేసి, కుటుంబమును పోషించిన నేతగాడొకడుండెను. అతడు గతించి కొన్ని యేండ్లయినను, ఆ యింటివారు అతని నడకను నేటికిని తలచుకొనుచుందురు.

62వ యేట తాత కుడిచేయి వణకసాగెను. విచిత్రమేమనగా, చేయి ఒడిలో ఊరకయున్నప్పుడే వణకెడిది. నాడె పట్టినచో వణకు తగ్గెడిది. అందుచే తాత దానిని లక్ష్యపెట్టలేదు. క్రమముగా పని మందగించెను. లెక్కపుస్తకములో అతని వ్రాత చీమలబారువలె చిన్నదయ్యెను. గొంతు సన్నగిల్లెను. ముఖమున నవ్వు మాయమయ్యెను. అతడు తూలుచు నడచుట చూచి, కల్లు త్రాగినాడని కొందరు గుసగుసలాడిరి. “ఇన్నేండ్లకు నామీద కోపము వచ్చినది కాబోలు” అని అవ్వ లోలోన కుమిలెను.

తుదకు కొడుకు అతనిని వైద్యునియొద్దకు తీసికొనిపోయెను. అది పార్కిన్సన్ వ్యాధియని వైద్యుడు తెలిపెను. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అను ఆంగ్లేయ వైద్యుడు ఈ వ్యాధిని వర్ణించెను. ఆయుర్వేదము కంపవాతమని చెప్పు రోగము దీనిని పోలియుండును. మెదడులోని కొన్ని కణములు నశించుటచే డోపమిన్ అను రసాయనము తగ్గును. అందుచే అవయవములు మనస్సు కోరినట్లు చురుకుగా కదలవు. ముఖ కండరములును బిగియుటచే, మనస్సులో సంతోషమున్నను అది మోమున కనబడదు.

“అయితే అది కోపము కాదా?” అని అవ్వ వైద్యుని రెండుమారులడిగెను. కాదని విని, కొంగుతో కన్నులొత్తుకొనెను.

డోపమిన్ లోటును కొంత తీర్చు మందు లెవోడోపా. 1937లో మదరాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు మన పొదలలో పెరుగు దూలగొండి గింజలనుండి ఈ పదార్థమును వేరుచేసిరి. 1960 తరువాతి యేండ్లలో అది ఈ వ్యాధికి మందుగా వాడుకలోనికి వచ్చెను. అది రోగమును నిర్మూలింపదు, బాధను తగ్గించును. వేళ తప్పినచో కాళ్లుచేతులు మరల బిగుసుకొనును. కావున బడికి పోవు మనుమరాలు గడియారము చూచి ఉదయము, సాయంకాలము తాతకు మాత్రలనందించెడిది.

కొన్నాళ్లకు మరియొక చిక్కు కలిగెను. గడప యెదుటికి రాగానే తాత పాదములు నేలకు అంటుకొన్నట్లు నిలిచిపోయెడివి. చేయి పట్టి లాగినచో పడబోయెడివాడు. ఒకనాడు మనుమరాలు ఎండలో ఆరవేసిన జంపఖానాను తెచ్చి గడపయొద్ద పరచెను. అది తాత నేసినదే. దానిపై ఎఱ్ఱని, నీలపు అడ్డచారలుండెను. తాత తల వంచి ఆ చారలను చూచెను. ఒక చారపై ఒక పాదము, మరు చారపై మరు పాదము ఉంచుచు గడప దాటి అరుగుమీదికి వచ్చెను. లోపలి ఆజ్ఞ తడబడునప్పుడు, నేలపై గీతలుగాని, చప్పట్ల తాళముగాని కొందరు రోగులకు దారిచూపునని వైద్యుడు వివరించెను. జంపఖానా జారునేమోయని కొడుకు ఆ చారలను గచ్చుపైననే రంగుతో గీసెను.

తాత మరల మగ్గమునెక్కలేదు. కాని అతని బుద్ధి మందగింపలేదు. కొడుకు నేయుచుండగా, పడుగులో తెగిన పోగును మంచము మీదనుండియే కనిపెట్టెడివాడు. ఆ మాట పెదవి దాటుటకు చాలసేపు పట్టెడిది. అవ్వ తొందరపెట్టెడిది కాదు; కండెకు నూలు చుట్టుచు, అతని మాట పూర్తియగువరకు చెవియొగ్గి కూర్చుండెడిది.

ఈ వ్యాధితో తాత 11 ఏండ్లు జీవించెను. అతడు పోయిన పిమ్మట ఇంటికి రంగులు వేయ వచ్చిన పనివారు గచ్చుపైనున్న గీతలను చెరిపివేయబోయిరి. అవ్వ వారిని వారించెను. “గోడలకు వేయుడు నాయనా, ఆ చారల జోలికి పోవలదు” అనెను.