59 రోజులు

పొద్దున్నుంచీ ఒక చేప నా మనసులోంచి పోవట్లేదు.

పిగ్మీ గోబీ. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ పగడాల సందుల్లో ఉంటుంది. గోరంత చేప, గాజులాంటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు. ఎంత బతికినా 59 రోజులే. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత తక్కువ ఆయుష్షు అప్పటిదాకా దేనికీ నమోదు కాలేదని 2005లో తేల్చారు.

రోజులు ఎలా లెక్కపెట్టారంటే, చేప చెవి లోపల రాయిలాంటి చిన్న ముక్క ఉంటుంది, ఆవగింజ కన్నా చాలా చిన్నది. దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే చెట్టు మానులో వలయాల్లాగా రోజుకో గీత! ఎన్ని చేపల్ని చూసినా ఆ గీతలు 59 దాటలేదు.

అందులో మొదటి మూడు వారాలు సముద్రంలో పిల్లగా కొట్టుకుపోవడానికే సరి. రీఫ్ చేరాక ఒకటి రెండు వారాల్లో ఈడుకొచ్చేస్తుంది. మిగిలిన మూడున్నర వారాల్లోనే గుడ్లు పెట్టాలి. ఆడచేప జన్మ మొత్తానికి 400 గుడ్లు. వాటికి కాపలా మగచేపది, పాపం, తనకున్న ఆ నాలుగు రోజుల్లోనే.

రీఫ్‌లో పెద్ద చేపల కడుపు నింపేది ఎక్కువగా ఇలాంటి బుల్లి చేపలే. ఫొటోల్లో మాత్రం ఎక్కడా కనిపించవు. ఈసారి రీఫ్ ఫొటో దొరికితే, పగడాల సందుల్లోకి జూమ్ చేసి వెతకండి.