గ్లౌజులు తొడగని చేయి

రాణిగారి కోడలు అనగానే కిరీటం, పట్టుగౌను, గుర్రపుబండి గుర్తొస్తాయి. 1981 జులై 29న లండన్‌లో జరిగిన డయానా పెళ్ళిని ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుని చూసింది. 1992లో తాజ్‌మహల్ ముందు ఆమె ఒంటరిగా కూర్చున్న ఫొటో కూడా అందరికీ తెలుసు. కానీ జనం ఆమెను గుండెల్లో పెట్టుకున్నది అందం చూసి మాత్రమే కాదని నా నమ్మకం.

మిత్రులారా, డయానా మనలాంటి ఇంట్లో పుట్టలేదు. 1961లో కలవారి కుటుంబంలో పుట్టింది. అయినా తల్లిదండ్రులు విడిపోయాక తొమ్మిదేళ్ళ వయసులో బోర్డింగ్ స్కూల్లో చేరింది. ఓ-లెవెల్ పరీక్షలు రెండుసార్లు తప్పింది. పెళ్ళికి ముందు చిన్నపిల్లల బడిలో సహాయకురాలిగా పనిచేసింది.

1987 ఏప్రిల్‌లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో ఎయిడ్స్ రోగుల వార్డు ప్రారంభించడానికి వెళ్ళింది. ముట్టుకుంటేనే ఆ జబ్బు అంటుకుంటుందని చాలామంది భయపడే రోజులవి. ఆమె గ్లౌజులు లేకుండా ఒక రోగికి చేయి కలిపింది. 1989లో ఇండోనేషియాలో కుష్ఠురోగుల చేతులు కూడా అలాగే పట్టుకుంది.

ఇందులో ఏముంది అనిపించవచ్చు. ఉంది. నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో మా వాడవాళ్ళకు వేరే గ్లాసులుండేవి. డబ్బులు చేతికి ఇస్తే తీసుకునేవారు కాదు, బల్లమీద పెట్టమనేవారు. ముట్టుకోకపోవడం ఎంత నొప్పో తెలిసిన మనకు, ముట్టుకోవడం ఎంత పెద్ద పనో వేరే చెప్పక్కర్లేదు.

1996లో విడాకులయ్యాయి. 'హర్ రాయల్ హైనెస్' అనే బిరుదు పోయింది. కానీ 1997 జనవరిలో అంగోలా వెళ్ళి, మందుపాతరలు తీస్తున్న నేలమీద రక్షణ కవచం తొడుక్కుని నడిచింది. కాళ్ళు పోగొట్టుకున్న పిల్లల పక్కన కూర్చుంది. అదే ఏడాది ఆగస్టు 31న పారిస్‌లో కారు ప్రమాదంలో చనిపోయింది. వయసు 36. ఆమె ఉన్న ప్యాలెస్ గేటు ముందు జనం గుట్టలుగా పూలు పెట్టారు. బిరుదు తీసేసినా అభిమానాన్ని ఎవరూ తీసెయ్యలేకపోయారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో రేపు డాక్టర్లు, నర్సులు, టీచర్లు, ఆఫీసర్లు అవుతారు. మీ బల్ల ముందుకు భయపడుతూ వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడండి. అంతదాకా ఆగక్కర్లేదు కూడా. ఈ ఏడాది హాస్టల్లో కొత్తగా చేరి, రాత్రిళ్ళు దుప్పట్లో ఏడ్చే పిల్లల భుజంమీద చేయి వెయ్యండి.