తాళంచెవి కూడా అమానతే

పుంగనూరులో బంధువుల నికాహ్‌కు వెళ్లినప్పుడు మా కారు తాళంచెవి ఎక్కడో జారిపోయింది. రెండవది మా శ్రీమతి సంచిలో ఉండబట్టి మదనపల్లెకు చేరుకున్నాము.

కుప్పంలో తాళాల దుకాణం నడుపుతున్న మా పూర్వవిద్యార్థికి కబురుపెట్టాము. అతడు చిన్న యంత్రంతో మా ముంగిటికే వచ్చి, ముందుగా కారు ఆర్‌సీ, మా ఆధార్ కార్డు అడిగాడు. చదువు చెప్పిన మమ్మల్నే శంకిస్తున్నాడా అని మనసు చివుక్కుమన్నది.

“నొచ్చుకోకండి హజ్రత్! తాళంచెవి హక్కుదారుకే చేరాలని మీరే కదా నేర్పారు!” అన్నాడు.

మక్కా విజయం నాడు దైవప్రవక్త (స) కాబా తాళంచెవిని ఉస్మాన్ బిన్ తల్హాకే తిరిగి అప్పగించిన ఘట్టాన్ని మేము ఎన్నిసార్లు బోధించామో! సిగ్గుపడి పత్రాలు తెచ్చి ఇచ్చాము.

పని చేస్తూ అతడు వివరించాడు. చెవి తలలో గింజంత చిప్పు ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కరలేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే శక్తి అందుతుంది. ఆ చిప్పు సంకేతాన్ని కారు గుర్తిస్తేనే ఇంజను నడుస్తుంది. రిమోట్ సంగతి వేరు. అది తలుపుల కోసం. దాని బ్యాటరీ అయిపోయినా ఇంజను నడుస్తుంది.

కొత్త చెవిని నమోదు చేశాక, పోయినదాని సంకేతాన్ని కారు జ్ఞాపకం నుంచి తుడిచివేశాడు. ఇక అది తలుపు తెరిచినా ఇంజనును కదిలించలేదు.

చెవి పోతే కొత్తది చేయించుకోవడంతో ఊరుకోరాదు. పాతదానిని రద్దు చేయించాలి. పనివాడు పత్రాలు అడిగితే నొచ్చుకోరాదు. అడగనివాడు రేపు మన చెవిని మరొకరికీ చేసి ఇవ్వగలడు.

ఆనాడు పాఠం చెప్పింది శిష్యుడు, నేర్చుకున్నది మేము. అల్‌హందులిల్లాహ్!